షీర్‌మాల్

షీర్‌మాల్ అనేది పాలతో కలిపి, నేతితో మర్దించి, పులియబెట్టిన గోధుమ పిండితో చేసే ఒక తియ్యని రొట్టె. ఇరాన్, ఉత్తర భారతదేశం, కాశ్మీరు, దక్కను ప్రాంతాలలో ఇది ప్రసిద్ధి చెందినది. కుంకుమపువ్వు దీనికి పసుపు రంగును, సువాసనను ఇస్తుంది. హైదరాబాదు పాతబస్తీలో చేసే షీర్‌మాల్‌లో కిస్‌మిస్, టూటీఫ్రూటీ, జీడిపప్పు, బాదం వంటివి కూడా కలుపుతారు. సంప్రదాయంగా దీనిని తందూరులో కాలుస్తారు. తందూరు లేని ఇళ్ళలో ఓవెనులోను, మందమైన పెనం మీద కూడా చేసుకోవచ్చును.

సాధారణ రొట్టెకు, షీర్‌మాల్‌కు ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. షీర్‌మాల్‌కు రుచినిచ్చే చక్కెర, నెయ్యి, పాలు, ఎండు ఫలాలు అన్నీ ఏదో ఒక విధంగా పిండి పొంగడానికి అడ్డు తగిలేవే. అందుచేత ఏ పదార్థాన్ని ఎంత వేయాలి అన్నదానితో పాటు, ఏ దశలో వేయాలి అన్నది కూడా దీని తయారీలో ముఖ్యం.

పేరు

పారశీక భాషలో షీర్ అనగా పాలు. మాలీదన్ అనగా రుద్దుట, మర్దించుట. ఈ రెండు మాటల కలయికతో పాలతో మర్దించినది అనే అర్థంలో షీర్‌మాల్ అన్న పేరు ఏర్పడినది. రంజాన్ పండుగనాడు చేసే షీర్ ఖుర్మాలోని షీర్ కూడా ఇదే మాట. ఖుర్మా అనగా ఖర్జూరం. పేర్లలో పోలిక ఉన్నప్పటికీ షీర్ ఖుర్మా పాయసం వంటిది, షీర్‌మాల్ రొట్టె.

చరిత్ర, వ్యాప్తి

షీర్‌మాల్ అనే పేరుగల తియ్యని రొట్టెలు ఇరాన్‌లో నేటికీ చేస్తారు. భారతదేశంలో దీనికి ఎక్కువ పేరు తెచ్చిన నగరం లక్నో. ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం శరర్ (1860-1926) లక్నో నగర జీవితంపై రాసిన వ్యాసాలలో, నవాబు నసీరుద్దీన్ హైదర్ కాలంలో (1827-1837) మహమ్దూ అనే దుకాణదారు అక్కడి షీర్‌మాల్‌ను రూపొందించినట్లు పేర్కొన్నాడు. లక్నోలో ముహర్రం రోజులలో షీర్‌మాల్‌ను ప్రసాదం వలె తబర్రుక్‌గా పంచుతారు.

లక్నో షీర్‌మాల్ పలుచగా ఉండి, నెయ్యి ఎక్కువగా ఉండటం వలన చేతితో విరిస్తే పొడిగా విడిపోతుంది. దానిని ఈస్టు లేకుండా చేసే పద్ధతి కూడా ఉన్నది. హైదరాబాదు బేకరీలలో చేసేది సాధారణంగా మందంగా, మెత్తగా, బన్నుకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఈ రకానికి పిండి పొంగడం తప్పనిసరి.

హైదరాబాదు పాతబస్తీలో

దక్కనులో పులియబెట్టిన రొట్టెలకు గల ఆదరణను తెలిపే కథ ఒకటి ఆసఫ్‌జాహీ వంశ స్థాపకుడి గురించి ప్రచారంలో ఉన్నది. మీర్ ఖమరుద్దీన్ దక్కనుకు వచ్చినపుడు హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ అనే సూఫీ గురువు ఆయనకు కుల్చాలు పెట్టాడని, ఆయన ఏడు కుల్చాలు తినగా, ఏడు తరాల వరకు ఆ వంశం పాలిస్తుందని గురువు దీవించాడని ఆ కథ సారాంశం. ఆసఫ్‌జాహీ పతాకంలోని వృత్తాకారపు గుర్తు ఆ కుల్చాయేనని చెబుతారు. కుల్చా కూడా షీర్‌మాల్ వలెనే పొంగిన పిండితో చేసే రొట్టె.

చార్మినారుకు తూర్పు వైపున ఉన్న యాకుత్‌పురా పాతబస్తీలోని ఒక ప్రధాన ప్రాంతం. యాకుత్ అనగా కెంపు. పూర్వపు నగర ప్రాకారానికి ఉన్న దర్వాజాలలో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. ఆ ప్రాకారపు దర్వాజాలలో నేడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రమే. సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమా వెళ్ళే రైలు మార్గంలో దబీర్‌పురా తరువాత యాకుత్‌పురా స్టేషను వస్తుంది.

యాకుత్‌పురాకు సమీపంలోని పురానీ హవేలీ ప్రాంతం నాలుగు మూలల నానుకు (చార్ కోనీ నాన్) ప్రసిద్ధి. అక్కడి మున్షీ నాన్ 1851లో మొదలైనది. నానును చలికాలపు ఉదయాలలో నహారీతో కలిపి తింటారు. నాన్ పిండిలో చక్కెర, నెయ్యి స్వల్పం. అందువలన అది త్వరగా పొంగి, తందూరు గోడకు అంటుకొని కొద్ది నిమిషాలలో కాలుతుంది. షీర్‌మాల్ పిండి అంత సులభంగా లొంగదు.

పాతబస్తీలో రొట్టెలు కాల్చే పని ఎక్కువగా వృత్తిదారులదే. వీరిని నాన్‌బాయీలు అంటారు. ముహర్రం రోజులలో కొన్ని కుటుంబాలు రవ్వ, నెయ్యి, ఎండు ఫలాలు వంటి సామగ్రిని బేకరీకి ఇచ్చి దమ్ కే రోట్ కాల్పించుకోవడం ఇక్కడి ఆచారం. ఇరుకు ఇళ్ళలో తందూరు పెట్టుకొనే వీలు ఉండదు కనుక, కాల్చే పని బయట జరగడం సహజమైనది. ఇంటిలోనే ఓవెను లేదా పెనం మీద షీర్‌మాల్ చేయాలనుకునేవారికి నాన్‌బాయీ చేతి అంచనాలకు బదులు కొలతలు, ఉష్ణోగ్రత, సమయం తెలిసి ఉండాలి.

ఖమీరు, ఈస్టు

పిండిని పొంగించే పదార్థాన్ని ఉర్దూలో ఖమీర్ అంటారు. తెలుగులో ఖమీరు అని వ్యవహరిస్తారు. ఈస్టు పొట్లాలు రాకముందు నాన్‌బాయీలు నిన్నటి పిండిలో కొంత ముద్దను దాచి నేటి పిండిలో కలిపేవారు. పెరుగు, చక్కెర, సోంపు నీరు కలిపి కొత్త ఖమీరును తయారు చేసే పద్ధతులు కూడా ఉన్నాయి. ఇటువంటి ఖమీరులో ఈస్టుతో పాటు లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేసే బాక్టీరియా కూడా ఉంటుంది. ఇడ్లీ, దోసె పిండి పులవడంలోను ఈ బాక్టీరియాదే ప్రధాన పాత్ర. అందుకే ఖమీరు రొట్టెకు కొద్దిపాటి పులుపు వస్తుంది.

అంగళ్ళలో దొరికే ఈస్టు శాకరోమైసిస్ సెరివిసియే అనే ఏకకణ శిలీంధ్రం. ఇది పిండిలోని చక్కెరలను తిని, బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడు), ఆల్కహాలును విడుదల చేస్తుంది. కాల్చేటప్పుడు ఆల్కహాలు చాలావరకు ఆవిరైపోతుంది. వాయువు బయటకు పోకుండా పట్టి ఉంచేది గోధుమలోని గ్లూటెన్. గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు మాంసకృత్తులు నీటితో తడిసి, మర్దన వలన సాగే వలగా ఏర్పడతాయి. ఆ వలయే గ్లూటెన్. ఈస్టు గాలి ఊదుతుంది, గ్లూటెన్ బుడగలా సాగుతుంది. ఈ రెండింటిలో ఏది బలహీనపడినా రొట్టె గట్టిపడుతుంది.

ఈస్టు 27 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య చురుకుగా పనిచేస్తుంది. సుమారు 55 డిగ్రీలు దాటితే చనిపోవడం మొదలవుతుంది. రిఫ్రిజిరేటరు చలిలో అది చనిపోదు, దాని పని చాలా నెమ్మదిస్తుంది.

పదార్థాల ప్రభావం

చక్కెర: కొద్ది చక్కెర ఈస్టుకు ఆహారం. పిండి బరువులో సుమారు 10 శాతం దాటిన చక్కెర ఈస్టు కణాలలోని నీటిని బయటకు లాగుతుంది. ఊరగాయలో ఉప్పు ముక్కలలోని నీటిని లాగినట్లే ఇది జరుగుతుంది. అందుచేత తీపి ఎక్కువైన పిండి ఆలస్యంగా పొంగుతుంది.

నెయ్యి: పిండి తడవక ముందే నెయ్యి వేస్తే అది పిండి రేణువుల చుట్టూ పొరగా ఏర్పడి, నీరు తగలనివ్వదు. అప్పుడు గ్లూటెన్ వల సరిగా అల్లుకోదు. కజ్జికాయల పైపిండిలో నెయ్యి మొదటే వేసి గుల్లగా వచ్చేలా చేయడం ఈ గుణం ఆధారంగానే. షీర్‌మాల్‌కు కావలసినది గుల్లదనం కాదు, మెత్తదనం. కాబట్టి నెయ్యిని చివరలో వేయాలి.

పాలు: పాలు రొట్టెకు మెత్తదనాన్ని, పైపొరకు రంగును ఇస్తాయి. పచ్చి పాలలోని కొన్ని మాంసకృత్తులు పిండి బలాన్ని తగ్గిస్తాయి. బాగా కాచినపుడు వాటి స్వభావం మారిపోతుంది. అందువలన పాలను పొంగు వచ్చేవరకు కాచి, గోరువెచ్చగా చల్లార్చి వాడాలి.

ఉప్పు: ఉప్పు గ్లూటెన్‌ను బలపరుస్తుంది, ఈస్టు వేగాన్ని తగ్గిస్తుంది. ఈస్టును, ఉప్పును నేరుగా కలపకుండా పిండిలో వేరువేరుగా వేయడం మంచిది.

ఎండు ఫలాలు: పొడిగా ఉన్న కిస్‌మిస్, ఎండు అంజీర్ పిండిలోని తడిని పీల్చుకుంటాయి. వాటి చుట్టూ ఉన్న పిండి గట్టిపడి పొంగదు. మొదటే వేస్తే మర్దనలో నలిగి, పిండికి అంటుకొని, గ్లూటెన్ వలను తెంపుతాయి కూడా.

ఎండు ఫలాల ఎంపిక

హైదరాబాదులో ఎండు ఫలాల టోకు వ్యాపారానికి బేగంబజారు పేరుపొందినది. షీర్‌మాల్‌లో సాధారణంగా వాడేవి కిస్‌మిస్, ఖర్జూరం, ఎండు అంజీర్, జీడిపప్పు, బాదం, పిస్తా, సారపప్పు. ఖుబానీ కా మీఠాలో వాడే ఎండు ఆప్రికాట్‌ను (ఖుబానీ) కూడా చిన్న ముక్కలు చేసి వేయవచ్చును. టూటీఫ్రూటీ ఎండు ఫలం కాదు. పచ్చి బొప్పాయి ముక్కలను చక్కెర పాకంలో ఊరబెట్టి, రంగు వేసి తయారు చేస్తారు. దానిని వాడినపుడు పిండిలోని చక్కెరను కొంత తగ్గించాలి.

కిస్‌మిస్ వంటి పండ్లను గోరువెచ్చని నీటిలో 20 నిమిషాలు నానబెట్టి, నీరు వంచేసి, గుడ్డతో తడి అద్ది, ఒక చెంచా మైదాలో పొర్లించి వాడాలి. మైదా పూత వలన ముక్కలు ఒకచోట చేరకుండా పిండి అంతటా పరుచుకుంటాయి. బంగారు రంగు కిస్‌మిస్‌ను, నారింజ రంగులో మెరిసే ఖుబానీని నల్లబడకుండా సల్ఫర్ డయాక్సైడుతో శుద్ధి చేసి ఉంటారు. ఇది ఈస్టు పనిని మందగింపజేస్తుంది, కొందరు ఉబ్బస రోగులకు పడదు. నానబెట్టిన నీటిని పారబోయడం వలన దీని మోతాదు కొంత తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవారు ఇటువంటి పండ్లకు బదులు నల్లని ఎండు ద్రాక్ష, ఖర్జూరం వాడుకోవచ్చును. కొనేముందు పొట్లంపై రాసిన పదార్థాల పట్టిక చూడాలి. జీడిపప్పు, బాదం వంటి పప్పులను నానబెట్టనవసరం లేదు.

ఇంట్లో తయారు చేయు విధానం

కావలసిన పదార్థాలు (6 రొట్టెలకు)

- మైదా: 500 గ్రాములు
- కాచి చల్లార్చిన పాలు: 270 మిల్లీలీటర్లు
- చక్కెర పొడి: 75 గ్రాములు
- నెయ్యి: 80 గ్రాములు
- ఇన్‌స్టంట్ ఈస్టు: 7 గ్రాములు
- ఉప్పు: 7 గ్రాములు
- కుంకుమపువ్వు: ఒక చిటికెడు, 2 పెద్ద చెంచాల వేడి పాలలో నానబెట్టినది
- ఏలకుల పొడి: అర చెంచా
- మొగలి పువ్వు నీరు (కేవడా): ఒక చెంచా
- ఎండు ఫలాలు, పప్పులు: 100 గ్రాములు

ఈ కొలతలలో చక్కెర పిండి బరువులో 15 శాతం, నెయ్యి 16 శాతం. బేకరీ రుచి కోసం చక్కెరను ఇంకా పెంచదలచినవారు పొంగడానికి ఎక్కువ సమయం కేటాయించాలి.

పద్ధతి

1. గోరువెచ్చని పాలలో నాలుగవ వంతు తీసుకొని, ఒక చెంచా చక్కెర, ఈస్టు కలిపి 10 నిమిషాలు ఉంచాలి. పాల వేడి వేలికి సుఖంగా తగిలేంతే ఉండాలి. పైన నురుగు వస్తే ఈస్టు సజీవంగా ఉన్నట్లు. నురుగు రాకపోతే ఆ ఈస్టును వాడరాదు.

2. మైదాలో ఈ నురుగు పాలు, మిగిలిన పాలు పోసి, పొడి పిండి కనబడనంతవరకు కలిపి, తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు వదిలివేయాలి. ఈ విరామంలో పిండి పాలను పీల్చుకొని, మర్దన లేకుండానే గ్లూటెన్ ఏర్పడటం మొదలవుతుంది.

3. ఉప్పు, ఏలకుల పొడి, కేవడా, సగం చక్కెర వేసి 5 నిమిషాలు మర్దించాలి. తరువాత మిగిలిన చక్కెర వేయాలి. చక్కెర కరిగేకొద్దీ పిండి జారుగా మారుతుంది. అప్పుడు పొడి పిండి చల్లకుండా మర్దన కొనసాగించాలి.

4. మెత్తగా ఉన్న నేతిని మూడు విడతలుగా వేస్తూ, ప్రతి విడత పిండిలో కలిసిపోయేవరకు మర్దించాలి. మొత్తం మర్దన 12 నుండి 15 నిమిషాలు పడుతుంది. చిన్న ముద్దను రెండు చేతుల వేళ్ళతో సాగదీస్తే చిరగకుండా పలుచని పొరలా రావాలి.

5. చివరగా ఎండు ఫలాలు వేసి, ముద్దను మడతలు పెడుతూ కలపాలి. నలపరాదు.

6. నెయ్యి రాసిన గిన్నెలో ముద్దను ఉంచి, మూత పెట్టి, రెట్టింపు అయ్యేవరకు ఉంచాలి. 28-30 డిగ్రీల వద్ద దీనికి సుమారు గంటన్నర పడుతుంది.

7. పిండిని 6 ముద్దలు చేసి, 10 నిమిషాల తరువాత ఒక్కొక్క దానిని సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ఉండేలా చేతితో గాని, కర్రతో గాని ఒత్తాలి. మళ్ళీ 25 నుండి 30 నిమిషాలు పొంగనివ్వాలి.

8. ఫోర్కుతో అంతటా గుచ్చాలి. గుచ్చకపోతే ఆవిరి ఒకచోట చేరి రొట్టె పూరీ వలె ఉబ్బుతుంది. కుంకుమపువ్వు పాలను పైన రాయాలి. పైకి తేలిన కిస్‌మిస్‌ను లోపలికి నొక్కాలి, లేనిచో మాడి చేదెక్కుతుంది.

9. ముందుగా వేడి చేసిన ఓవెనులో 200 డిగ్రీల వద్ద 15 నుండి 18 నిమిషాలు కాల్చాలి. బయటకు తీసిన వెంటనే పాలు, నెయ్యి కలిపి రాసి, పలుచని గుడ్డ కప్పాలి. లోపలి ఆవిరి పైపొరను మెత్తబరుస్తుంది.

ఓవెను లేనిచో

మందమైన ఇనుప పెనాన్ని సన్నని సెగ మీద వేడి చేసి, రొట్టె వేసి, పైన మూత పెట్టి 6 నుండి 7 నిమిషాలు, తిప్పి మరొక 4 నుండి 5 నిమిషాలు కాల్చాలి. చక్కెర, పాలు ఉన్న పిండి త్వరగా రంగు తిరుగుతుంది. రంగు చూసి దించివేస్తే లోపల పచ్చిగా ఉంటుంది. కాబట్టి సెగను తగ్గించడమే గాని, సమయాన్ని తగ్గించరాదు. పెనం మీద చేసేటపుడు రొట్టెను కొంచెం పలుచగా ఒత్తడం మేలు.

మందమైన అడుగు గల పెద్ద గిన్నెలో అరంగుళం ఎత్తున ఉప్పు లేదా శుభ్రమైన ఇసుక పరచి, చిన్న స్టాండు ఉంచి, మూతపెట్టి వేడిచేసి, దానిని ఓవెను వలె వాడే పద్ధతి కూడా ఉన్నది. ఇందులో రొట్టె కాలడానికి 25 నుండి 30 నిమిషాలు పడుతుంది. దీనికి ప్రెషరు కుక్కరు వాడినపుడు మూతకున్న రబ్బరును, బరువును తప్పనిసరిగా తీసివేయాలి.

ఋతువులు, రంజాన్ మాసం

హైదరాబాదులో మే నెలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలకు చేరుతుంది. డిసెంబరు రాత్రులలో 15 డిగ్రీలకు, కొన్నిసార్లు ఇంకా కిందికి దిగుతుంది. ఒకే కొలతతో చేసిన పిండి ఎండాకాలంలో ముప్పావు గంటలోను, చలికాలంలో రెండున్నర గంటలకు గాని రెట్టింపు కాకపోవచ్చును. కావున గడియారాన్ని కాక పిండి ఎత్తును చూడాలి. వేలితో నొక్కిన గుంట నెమ్మదిగా సగం పూడితే పిండి సిద్ధమైనట్లు. వెంటనే పూడితే ఇంకా సమయం కావాలి. అసలు పూడకపోతే ఎక్కువ పొంగినట్లు. ఎండాకాలంలో పాలను చల్లగానే వాడి, ఈస్టును 5 గ్రాములకు తగ్గించవచ్చును.

రంజాన్ మాసంలో సహర్ భోజనానికి తాజా రొట్టె కావాలంటే తెల్లవారుజామునకు ముందే పిండి సిద్ధంగా ఉండాలి. రాత్రి 8, 9 గంటలకు పిండి కలిపి, అరగంట బయట ఉంచి, రిఫ్రిజిరేటరులో పెడితే సహర్ వేళకు నెమ్మదిగా పొంగి ఉంటుంది. తీసి, ఒత్తి, 40 నిమిషాలు వెచ్చబడనిచ్చి కాల్చుకోవచ్చును. నెమ్మదిగా పులిసిన పిండికి రుచి కూడా ఎక్కువ.

తరచు వచ్చే లోపాలు

- రొట్టె బరువుగా, ముద్దగా ఉండటం: తక్కువ పొంగడం, లేదా నెయ్యి ముందుగా వేయడం.
- ఈస్టు వాసన, పులుపు: ఎక్కువ సేపు పొంగడం, లేదా ఈస్టు ఎక్కువ కావడం.
- పైన ముదురు రంగు, లోపల పచ్చి: సెగ ఎక్కువ కావడం.
- గట్టిగా, పొడిగా ఉండటం: మర్దించేటపుడు పొడి పిండి చల్లడం, లేదా ఎండు ఫలాలను నానబెట్టకపోవడం.
- పండ్ల చుట్టూ పచ్చి మచ్చలు: నానిన పండ్ల తడి తుడవకపోవడం.

కుట్టు పిండితో

గోధుమ తినకూడని వారి కోసం షీర్‌మాల్ వంటి రుచిని కుట్టు పిండితో తెచ్చుకోవచ్చును. కుట్టును ఆంగ్లంలో బక్‌వీట్ అంటారు. ఆ పేరులో గోధుమ అన్న మాట ఉన్నప్పటికీ ఇది గోధుమ కాదు, గడ్డి జాతి ధాన్యమూ కాదు. ఇది చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క గింజ. భారతదేశంలో హిమాలయ ప్రాంతాలలో పండుతుంది. ఉత్తర భారతీయులు నవరాత్రి ఉపవాసాలలో దీనిని తింటారు.

కుట్టులో గ్లూటెన్ లేదు. ఈస్టు వేస్తే వాయువు పుడుతుంది గాని, దానిని పట్టి ఉంచే వల ఉండదు. ఎంత మర్దించినా ఫలితం ఉండదు. అందుచేత కుట్టు పిండిని ముద్దగా కాక, జారుగా కలిపి, పెనం మీద చిన్న అట్లుగా పోయాలి. చిక్కని జారు పిండిలో బుడగలు కొంతసేపు నిలుస్తాయి. ఆలోగా పెనం వేడికి అట్టు గట్టిపడి వాటిని బంధిస్తుంది. రష్యాలో బ్లినీ అనే ఈస్టు అట్లను సంప్రదాయంగా కుట్టు పిండితో చేసేవారు. నెదర్లాండ్స్‌లో కిస్‌మిస్ వేసి, ఒక పెనంలో మూడేసి చొప్పున పోసే చిన్న ఈస్టు అట్లకు పెనంలో మూడు అనే అర్థం వచ్చే పేరు ఉన్నది. వీటిని కూడా కుట్టు పిండి కలిపి చేయడం కలదు.

కావలసినవి: కుట్టు పిండి 150 గ్రాములు, బియ్యపు పిండి 100 గ్రాములు, గోరువెచ్చని పాలు 350 మిల్లీలీటర్లు, ఈస్టు 4 గ్రాములు, చక్కెర 25 గ్రాములు, ఉప్పు 3 గ్రాములు, గుడ్డు 1, ఈసబ్‌గోల్ పొట్టు ఒక చెంచా, నానబెట్టి తుడిచిన ఎండు ఫలాలు 75 గ్రాములు, కుంకుమపువ్వు, ఏలకుల పొడి తగినంత. ఈసబ్‌గోల్ నీటిలో జిగురుగా మారి, గ్లూటెన్ చేసే పనిని కొంతవరకు చేస్తుంది.

ఎండు ఫలాలు, గుడ్డు తప్ప మిగిలినవి కలిపి గంటసేపు మూతపెట్టి ఉంచాలి. బుడగలు వచ్చిన తరువాత గిలక్కొట్టిన గుడ్డును, ఎండు ఫలాలను మెల్లగా కలపాలి. పిండి ఊతప్పం పిండి కంటే కొంచెం చిక్కగా ఉండాలి. మరీ గట్టిగా ఉంటే కొద్దిగా పాలు చేర్చవచ్చును. నెయ్యి రాసిన పెనం మీద అరచేతి వెడల్పున మందంగా పోసి, సన్నని సెగపై మూడు నిమిషాలు ఉంచి, పైన బుడగలు పగిలి అంచులు ఆరిన తరువాత తిప్పి మరొక మూడు నిమిషాలు కాల్చాలి. తిప్పిన తరువాత నొక్కరాదు.

సీలియాక్ వ్యాధి ఉన్నవారికి జాగ్రత్తలు

సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో గ్లూటెన్ చిన్న ప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పిల్లలలో విరేచనాలు, రక్తహీనత, ఎదుగుదల లోపం వంటివి కనిపించవచ్చును. గోధుమను తగ్గించడం వీరికి సరిపోదు, పూర్తిగా మానివేయాలి. కుట్టు స్వతహాగా సురక్షితమే అయినా, గోధుమలు ఆడించే గిర్నీలోనే దానిని ఆడిస్తే గోధుమ పిండి కలుస్తుంది. మైదా మర్దించిన పీట, జల్లెడ, ఎండు ఫలాలను పొర్లించే మైదా కూడా ఇటువంటివే. ఈ అట్లకు ఎండు ఫలాలను బియ్యపు పిండిలో పొర్లించాలి. పరీక్షలు చేయించుకోకముందే గోధుమ మానివేస్తే రక్తపరీక్ష ఫలితం తప్పుగా రావచ్చును. కాబట్టి ముందుగా వైద్యుని సంప్రదించాలి.

కుట్టు పిండి త్వరగా చెడిపోతుంది. 2011 ఏప్రిల్‌లో నవరాత్రి సమయాన ఢిల్లీ, పరిసర ప్రాంతాలలో కుట్టు పిండి వంటకాలు తిన్న వందలాది మంది అస్వస్థులై ఆసుపత్రుల పాలయ్యారు. కాబట్టి దీనిని కొద్దికొద్దిగా తాజాగా కొని, గాలి చొరని డబ్బాలో చల్లని చోట ఉంచాలి. చేదు వాసన వస్తే పారవేయాలి. కొందరికి కుట్టు వలన కూడా తీవ్రమైన అలెర్జీ కలుగవచ్చును.

పోషక విలువలు

పైన తెలిపిన మైదా కొలతలతో చేసిన ఒక్కొక్క షీర్‌మాల్‌లో సుమారు 550 కిలో కేలరీల శక్తి ఉంటుంది. అందులో కలిపిన చక్కెరయే 12 గ్రాములకు పైగా ఉంటుంది. ఎండు ఫలాలలోని సహజమైన చక్కెర దీనికి అదనం. మధుమేహం ఉన్నవారు దీనిని పాలు, పళ్ళరసాలతో కలిపి కాక, కొద్ది ముక్కను మాంసం లేదా పప్పు కూరతో తినడం మేలు. ఉపవాసం ఉండదలచిన మధుమేహ రోగులు మందుల వేళల గురించి ముందే వైద్యుని సలహా తీసుకోవాలి.

వడ్డన, నిల్వ

షీర్‌మాల్‌ను టీతో అల్పాహారంగాను, విందులలో ఖోర్మా, నహారీ వంటి మాంసపు కూరలతోను తింటారు. తీపి రొట్టె, కారపు కూర కలయిక దీని ప్రత్యేకత. చల్లారిన తరువాత గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే రెండు రోజులు మెత్తగా ఉంటుంది. ఎండాకాలంలో ఒక రోజుకు మించి బయట ఉంచరాదు. రిఫ్రిజిరేటరులో రొట్టె త్వరగా గట్టిపడుతుంది. ఎక్కువ రోజులు నిల్వ చేయాలంటే ఫ్రీజరులో ఉంచి, తినేముందు పాలు చిలకరించి, మూతపెట్టిన పెనం మీద వేడి చేయాలి.

ఇవి కూడా చూడండి

- యాకుత్‌పురా
- పురానీ హవేలీ
- నహారీ
- షీర్ ఖుర్మా
- ఖుబానీ కా మీఠా
- ఈస్టు
- గ్లూటెన్